ఒకే చెరువు మూడు పూటలా మూడు విస్తీర్ణాలు చూపిస్తోంది: తప్పు ఫోన్‌దా, ఉపగ్రహాలదా?

విడవలూరు_చెరువు
విడవలూరు మండలంలో సముద్రం వైపు ఒక రొయ్యల చెరువును ఈ ఏడాది కౌలుకు తీసుకుంటున్నాను. నీళ్లు నిలిచే విస్తీర్ణానికే, సెంట్లతో సహా లెక్కగట్టి కౌలు ఇవ్వాలని ముందే మాట అనుకున్నాము. ఫోన్‌లో విస్తీర్ణం కొలిచే యాప్ పెట్టుకుని నాలుగు మూలల దగ్గరా గట్టు మీద నిలబడి పాయింట్లు పెట్టాను. పొద్దున 5 ఎకరాల 2 సెంట్లు వచ్చింది. మధ్యాహ్నం కొలిస్తే 4 ఎకరాల 81 సెంట్లు, సాయంత్రం కొలిస్తే 5 ఎకరాల 23 సెంట్లు. భూమి యజమాని తన ఫోన్‌తో తిరిగితే 5 ఎకరాల 30 సెంట్లు వచ్చింది, ఆయన ఆ లెక్కనే పట్టుకుని కూర్చున్నారు. నా ఫోన్‌లో 27 ఉపగ్రహాలు కనిపిస్తున్నాయి, కచ్చితత్వం 3 మీటర్లు అని కూడా చూపిస్తోంది. ఆకాశంలో అన్ని ఉపగ్రహాలు ఉండి కూడా గట్టు మూల ఎక్కడుందో ఎందుకు తేల్చలేకపోతున్నాయో తెలిసినవారు చెప్పగలరు.

మూలాపేట_కుర్రాడు
ఫోన్ పాతదై ఉంటుంది. ఎల్‌5 అనే కొత్త ఉపగ్రహ సిగ్నల్ కూడా తీసుకునే ఫోన్ కొనండి, సమస్య తీరిపోతుంది.

జువ్వలదిన్నె_బోటు
మేము వల వేసిన చోటుకు తిరిగి వెళ్లడానికి ఇరవై మీటర్లు అటూఇటూ అయినా ఇబ్బంది లేదు. చేప కూడా కదులుతూనే ఉంటుంది కనుక మా ఇద్దరి లెక్కా సరిపోతుంది. మీ గట్టు కదలకపోవడమే మీకు వచ్చిన చిక్కు.

పాత_ఫిజిక్స్_మాస్టారు
ఫోన్ మార్చే ముందు ఫోన్ ఏమి కొలుస్తుందో చూడాలి. అది మీరున్న స్థలాన్ని కొలవదు. ఒక్కో ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో మాత్రమే కొలిచి, ఆ దూరాల నుంచి స్థలాన్ని లెక్కగడుతుంది. కనుక తప్పు రెండు చోట్ల నుంచి వస్తుంది. దూరంలో ఎంత పొరపాటు ఉందన్నది ఒకటి, ఆ దూరాలు ఏ దిక్కుల నుంచి వచ్చాయన్నది రెండోది.

కబడ్డీ కోర్టుకు సున్నంతో గీతలు గీస్తాము కదా. గీత మందం నాలుగు వేళ్లు ఉందనుకోండి. రెండు గీతలు నిటారుగా ఖండించుకుంటే మధ్యలో ఏర్పడే గడి నాలుగు వేళ్ల చదరంగా ఉంటుంది. అదే రెండు గీతలను దాదాపు ఒకే దిశలో, కత్తెర మూసినట్టుగా గీస్తే ఖండించుకున్న చోటు మూరెడు పొడవున సాగిపోతుంది. సున్నం మందం మారలేదు, కోణం మాత్రమే మారింది. మందాన్ని దూరపు పొరపాటు అనుకోండి, కోణాన్ని ఉపగ్రహాల అమరిక అనుకోండి. ఆ అమరిక పొరపాటును ఎన్ని రెట్లు పెంచుతుందో చెప్పే అంకెనే డీఓపీ, అంటే డైల్యూషన్ ఆఫ్ ప్రిసిషన్ అంటారు. నేల మీది స్థానానికి హెచ్‌డీఓపీ, ఎత్తుకు వీడీఓపీ, రెండూ కలిపితే పీడీఓపీ. దూరపు పొరపాటు 4 మీటర్లు, హెచ్‌డీఓపీ 0.8 అయితే స్థానంలో 3.2 మీటర్ల తేడా వస్తుంది. అదే పొరపాటుకు హెచ్‌డీఓపీ 2 ఉంటే తేడా 8 మీటర్లకు పెరుగుతుంది.

ఉపగ్రహాలు 27 అన్నది సున్నం గీతల సంఖ్య మాత్రమే. అవి ఏ కోణాల్లో ఖండించుకుంటున్నాయో, ఒక్కో గీత ఎంత మందంగా ఉందో ఆ అంకె చెప్పదు.

విడవలూరు_చెరువు
మాస్టారూ, కబడ్డీ కోర్టు పోలికతో విషయం బాగా తెలిసింది. అయితే 3 మీటర్ల కచ్చితత్వం అని ఫోన్ చూపించినప్పుడు నా స్థానం 3 మీటర్ల లోపలే ఉండాలి కదా?

రోవర్_చీమకుర్తి
ఉండనక్కరలేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ అంకెకు అర్థం, అసలు స్థానం ఆ వృత్తంలో ఉండే అవకాశం 68 శాతం అని మాత్రమే. అంటే మూడుసార్లు పాయింటు పెడితే ఒకసారి వృత్తం బయట పడినా ఫోన్ మాట తప్పినట్టు కాదు. పైగా ఆ అంకె కూడా ఫోన్ వేసుకున్న అంచనానే. పక్కన గోడకు తగిలి వచ్చిన సిగ్నల్‌ను నిజమైనదని నమ్మితే, తప్పు స్థానాన్ని కూడా ధైర్యంగా 3 మీటర్లు అని చూపిస్తుంది.

నేను చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలలో సర్వే పనులు చేస్తుంటాను. క్వారీ పైగట్టు మీద రోవర్, అంటే చేత్తో పట్టుకు తిరిగే సర్వే రిసీవర్ పెడితే నిమిషంలో ఫిక్స్, అంటే సెంటీమీటర్ల స్థాయి స్థానం వస్తుంది. అదే రోవర్‌ను పిట్ అడుగుకు దించితే నాలుగు వైపులా రాతి గోడలే ఉంటాయి, నెత్తి మీద గొడుగంత ఆకాశం మాత్రమే కనిపిస్తుంది. అక్కడ తొమ్మిది ఉపగ్రహాలు దొరికినా పీడీఓపీ 6 దాటిపోవడం, ఫిక్స్ పోయి ఫ్లోట్‌లో, అంటే స్థానం తేలకుండా ఆడుతూ ఉండడం నేను ఎన్నోసార్లు చూశాను. తొమ్మిదీ నడినెత్తి మీదే గుమిగూడి ఉంటే మాస్టారు చెప్పిన కత్తెర మూసినట్టే.

మూలాపేట_కుర్రాడు
మీరు చెప్పేది జీపీఎస్ ఒక్కటే ఉన్న కాలం మాట. ఇప్పుడు జీపీఎస్, రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ అన్నీ కలిపితే బహిరంగ ప్రదేశంలో 40 దాకా వస్తున్నాయి. అన్ని ఉంటే అమరిక దానంతట అదే బాగుంటుంది. ఈ రోజుల్లో డీఓపీ గురించి ఆలోచించడం అనవసరమని నా అభిప్రాయం.

పాత_ఫిజిక్స్_మాస్టారు
బహిరంగ ప్రదేశం అని మీరే అన్నారు, చిక్కంతా అక్కడే ఉంది. ఆకాశం మొత్తం కనిపించే చోట మీ మాట నిజమే, హెచ్‌డీఓపీ ఒకటికి లోపే ఉంటుంది, దాని గురించి తల పట్టుకోనక్కరలేదు. కానీ ఆకాశంలో సగం మూసుకుపోయిన చోట 40 కాస్తా 18 అవుతాయి, ఆ 18 కూడా ఒకే పక్క నుంచి వస్తాయి. ఒకే పక్క నుంచి ఎన్ని గీతలు గీసినా ఆ దిశలో తప్పు తగ్గదు.

మన ప్రాంతానికి సంబంధించిన మరో సంగతి కూడా చెప్పుకోవాలి. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి 20,200 కిలోమీటర్ల ఎత్తున, భూమధ్యరేఖకు 55 డిగ్రీల వాలులో తిరుగుతాయి కాబట్టి 55 డిగ్రీల ఉత్తర అక్షాంశాన్ని అవి దాటి పోవు. నెల్లూరు 14 డిగ్రీల 27 నిమిషాల దగ్గర ఉంది. లెక్కగడితే ఇక్కడి నుంచి నేరుగా ఉత్తరానికి చూసినప్పుడు నేల అంచు నుంచి సుమారు 38 డిగ్రీల ఎత్తు దాకా జీపీఎస్ ఉపగ్రహం ఒక్కటి కూడా రాదు. దక్షిణాన ఆ ఖాళీ లేదు, దాదాపు నేల అంచు దాకా ఉంటాయి. కనుక మన దగ్గర ఉత్తరాన పెద్ద చెట్టు ఉంటే నష్టం తక్కువ, దక్షిణాన ఉంటే ఎక్కువ. 64.8 డిగ్రీల వాలులో తిరిగే గ్లోనాస్ ఉత్తరపు ఖాళీని కొంత పూడుస్తుంది కానీ పూర్తిగా పూడ్చదు.

చెరువు ఆసామి గారు నాలుగు మూలల దగ్గర చుట్టూ ఏమున్నాయో చెబితే ఇంకా స్పష్టంగా మాట్లాడుకోవచ్చు.

విడవలూరు_చెరువు
ఉత్తరం వైపు రెండు మూలలూ పూర్తిగా బయలు. నైరుతి మూల దగ్గర తూము, దాని పక్కన ఒక విద్యుత్ స్తంభం మాత్రమే ఉన్నాయి. ఆగ్నేయ మూలలో మోటారు షెడ్డు ఉంది. జింకు రేకుల కప్పు, రేకుల గోడలు. షెడ్డుకు దక్షిణాన ఎత్తుగా పెరిగిన సరుగుడు తోట ఉంది. నేను ఎండకు తట్టుకోలేక షెడ్డు నీడలోనే నిలబడి పాయింటు పెట్టినట్టు ఇప్పుడు గుర్తుకొస్తోంది.

రోవర్_చీమకుర్తి
దొంగ దొరికాడు.

సరుగుడు తోట దక్షిణపు ఉపగ్రహాలను నేరుగా కనిపించకుండా చేస్తుంది. అవే సిగ్నల్స్ షెడ్డు రేకులకు తగిలి తిరిగి మీ ఫోన్‌కు చేరతాయి. తగిలి వచ్చిన సిగ్నల్ ఎప్పుడూ ఎక్కువ దూరమే ప్రయాణిస్తుంది, తక్కువ దూరం ప్రయాణించే వీలే లేదు. అందువల్ల ఫోన్ ఆ ఉపగ్రహాన్ని ఉన్నదానికంటే దూరంగా లెక్కవేస్తుంది. అమరిక చెడిపోవడం, దూరం చెడిపోవడం రెండూ ఒకే మూలలో కలిశాయి. మా రోవర్ యాంటెన్నా కింద పళ్లెం లాంటి లోహపు చక్రం, తిరగబడిన సిగ్నల్‌ను కొంతవరకు వదిలించే అమరిక ఉంటాయి. ఫోన్‌లో యాంటెన్నా గోరంత, దానికి ఏ సిగ్నల్ నిజమో ఏది ప్రతిబింబమో తెలియదు.

మూలాపేట_కుర్రాడు
అందుకే ఎల్‌5 ఉన్న ఫోన్ కొనమన్నాను. పాత ఎల్‌1 సిగ్నల్‌లో కోడ్‌లో ఒక్కో చిప్, అంటే ఒక్కో ముక్క పొడవు 293 మీటర్లు. ఎల్‌5లో అది 29 మీటర్లే. కొలబద్ద మీద గీతలు పది రెట్లు దగ్గరగా ఉన్నట్టు. ప్రతిబింబాన్ని అసలు సిగ్నల్ నుంచి వేరు చేయడం దానికి సులభం. 2018లో షావోమీ మీ 8 ఈ రెండు సిగ్నల్స్ తీసుకునే మొదటి ఫోన్‌గా వచ్చింది, ఇప్పుడు మధ్య ధర ఫోన్లలో కూడా ఉంది. నా మొదటి పోస్టును తేలికగా కొట్టిపారేశారు.

రోవర్_చీమకుర్తి
ఆ మాట ఒప్పుకుంటాను. అయితే నేరు సిగ్నల్ అసలే లేక, ప్రతిబింబం ఒక్కటే వస్తున్నప్పుడు ఎల్‌5 మాత్రం దేనితో పోల్చుకుంటుంది? ఎంత మంచి ఫోన్ అయినా షెడ్డు నీడలో నిలబడితే ఫలితం అదే.

కనిగిరి_డ్రోన్
నా అనుభవంలో ఇలాంటి చోట్ల కటాఫ్ కోణాన్ని, అంటే ఎంత ఎత్తు కంటే కింద ఉన్న ఉపగ్రహాలను లెక్కలోకి తీసుకోకూడదో ఆ హద్దును 20 డిగ్రీలకు పెంచుకోవడం మంచిది. నేల అంచున ఉన్న ఉపగ్రహాల సిగ్నల్స్ గాలిలో ఎక్కువ దూరం ప్రయాణించి వస్తాయి. నడినెత్తిన ఉన్న ఉపగ్రహం సిగ్నల్‌ను కింది వాతావరణం సుమారు 2.3 మీటర్లు ఆలస్యం చేస్తే, 10 డిగ్రీల ఎత్తున ఉన్నదాన్ని 13 మీటర్ల దాకా ఆలస్యం చేస్తుంది. చెట్ల వల్ల సిగ్నల్ పాడవడం కూడా అంచునే ఎక్కువ. చెత్తను వడగట్టేస్తే మిగిలినదంతా శుభ్రమైన దూరాలే కదా.

రోవర్_చీమకుర్తి
ఇక్కడ మీతో ఏకీభవించలేను. నేను కూడా మొదట్లో అలాగే 20, 25 పెట్టేవాడిని. మర్రిపూడి వైపు ఒక కొండ వాలున పని చేస్తూ, చెట్ల బాధ పడలేక కటాఫ్ 25కు పెంచాను. దూరాలు శుభ్రమయ్యాయి, పీడీఓపీ మాత్రం 1.9 నుంచి 4.3కు పోయింది. ఎత్తు లెక్కలైతే మరీ చెడిపోయాయి. అంచున ఉన్న ఉపగ్రహాలు మురికివే కానీ, కోణం ఇచ్చేవి కూడా అవే. వాటిని తీసేస్తే సున్నం గీత సన్నబడుతుంది, కత్తెర మూసుకుంటుంది. ఇప్పుడు నేను 10 నుంచి 15 మధ్య ఉంచి, ఏ దిక్కున అడ్డం ఉందో ఆ దిక్కు ఉపగ్రహాలను మాత్రమే చేత్తో తీసేస్తాను.

పాత_ఫిజిక్స్_మాస్టారు
ఇద్దరూ చెప్పేది ఒకే త్రాసుకు రెండు తట్టల మాట. స్థానపు తేడా అంటే దూరపు పొరపాటును డీఓపీతో గుణించగా వచ్చేది. ఒకదాన్ని తగ్గించబోయి రెండోదాన్ని అంతకంటే ఎక్కువ పెంచుకుంటే గుణింతం పెరుగుతుంది. కనిగిరి వారు చెప్పిన 13 మీటర్లలో చాలా భాగాన్ని రిసీవర్ ముందే సూత్రంతో తీసేస్తుంది. మిగిలేది గాలిలోని తేమ వల్ల వచ్చే భాగం, దాన్ని ముందుగా అంచనా వేయడం కష్టం. మన సముద్రతీరంలో ఆ తేమకు లోటు లేదు. మంచి రిసీవర్లు అంచు ఉపగ్రహాలను పూర్తిగా తోసివేయకుండా వాటి మాటకు తక్కువ విలువ ఇచ్చి లెక్కలో ఉంచుకుంటాయి. పంచాయితీలో దూరపు చుట్టం మాట వింటాము కానీ తీర్పు దాని మీదే చెప్పము కదా.

కనిగిరి_డ్రోన్
డ్రోన్ పైన ఎగురుతుంది కనుక నాకు చెట్ల అడ్డం ఉండదు, కోణం కొరత ఎప్పుడూ రాలేదు. నేల మీద పనికి నా సలహా సరిపోదని ఒప్పుకుంటున్నాను.

జువ్వలదిన్నె_బోటు
ఎత్తు సంగతి వచ్చింది కనుక ఒక మాట. మా మామ బోటులో ఉన్న చేతి పరికరం సముద్రం మీద ఎత్తు మైనస్ 90 అని చూపిస్తే, ఆయన బోటు అడుగు చిల్లు పడిందేమోనని చెక్క ఎత్తి చూశాడు. ఇది కూడా అమరిక తప్పేనా?

పాత_ఫిజిక్స్_మాస్టారు
కాదు, ఇది తప్పే కాదు. పరికరం లెక్కించేది నునుపైన ఒక ఊహా గోళాభం నుంచి ఎత్తు. అసలు సముద్ర మట్టం గురుత్వాకర్షణ తేడాల వల్ల ఎగుడుదిగుడుగా ఉంటుంది. ప్రపంచంలో అతి పెద్ద పల్లం శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో ఉంది, అక్కడ 106 మీటర్ల దాకా కిందికి ఉంటుంది. మన తీరం ఆ పల్లం వాలులో ఉంది. మంచి పరికరాలు ఆ తేడాను పట్టికతో సరిచేసి చూపిస్తాయి, మీ మామగారిది చేయలేదు.

అమరిక వల్ల ఎత్తుకు వచ్చే నష్టం వేరు. ఉపగ్రహాలన్నీ మన పైనే ఉంటాయి, భూమి అడ్డం కనుక కింద నుంచి ఒక్కటీ కనిపించదు. ఫోన్‌లో ఉండేది చవక గడియారం. అది సెకనులో పది లక్షల వంతు తప్పితే దూరం 300 మీటర్లు తప్పుతుంది, అందుకే స్థానానికి కావలసిన మూడు అంకెలతో పాటు గడియారం తప్పును కూడా నాలుగో తెలియని అంకెగా పెట్టి లెక్క చేయాలి, అందుకే కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి. అన్ని దూరాలూ కాస్త ఎక్కువగా వచ్చాయంటే గడియారం తప్పిందా, మనం కిందికి ఉన్నామా అన్నది తేల్చడం కష్టం. తూర్పు పడమరలకు ఆ చిక్కు లేదు, ఇటు పక్కా అటు పక్కా ఉపగ్రహాలు ఉండి ఒకదాన్నొకటి సరిచేస్తాయి. ఎత్తులో తేడా నేల మీది తేడా కంటే మామూలుగా ఎక్కువగా ఉండేది ఇందుకే.

ఒంగోలు_లెక్కలు
విస్తీర్ణం వైపు నుంచి చూస్తే మరో సంగతి కనిపిస్తుంది. 5 ఎకరాల చదరపు చెరువు అంటే ఒక్కో పక్క 142 మీటర్లు, కర్ణం 200 మీటర్లు. నాలుగు మూలలూ ఒకే దిశలో ఒకే దూరం జరిగితే చెరువు మొత్తం పక్కకు జరుగుతుంది కానీ విస్తీర్ణం మారదు. ఉపగ్రహపు కక్ష్య తప్పు, దాని గడియారం తప్పు, పై వాతావరణంలోని విద్యుత్కణాల పొర అయిన అయనోవరణం వల్ల ఆలస్యం, ఇవన్నీ పది నిమిషాల లోపు 200 మీటర్ల దూరంలో దాదాపు ఒకేలా ఉంటాయి కనుక విస్తీర్ణాన్ని పెద్దగా చెడగొట్టవు. విస్తీర్ణాన్ని చెడగొట్టేది ఒక్కో మూలకు విడివిడిగా వచ్చే తప్పు, అంటే రేకుల షెడ్డు లాంటిది. ఆ ఒక్క మూల కర్ణం దిశలో 7 మీటర్లు లోపలికి జరిగితే 700 చదరపు మీటర్లు, అంటే 17 సెంట్లు పోతాయి. మూలమూలకూ వేరువేరుగా 4 మీటర్ల తేడా ఉంటే మొత్తం మీద 20 సెంట్ల వరకు అటూఇటూ కావడం మామూలే.

20 సెంట్లంటే నెల్లూరు లెక్కలో 72 చదరపు అడుగుల అంకణాలు సరిగ్గా 121. ఇళ్ల స్థలం అయితే దీని కోసం పెద్దమనుషులు కూర్చోవలసి వచ్చేది.

విడవలూరు_చెరువు
నాలుగు మూలలూ కొలవడానికి నాకు ప్రతిసారీ గంట పైనే పట్టింది, మధ్యలో ఏరేటర్ల దగ్గర పని చూసుకున్నాను. అది కూడా తప్పేనా?

ఒంగోలు_లెక్కలు
తప్పే. గంటలో ఉపగ్రహాలు చాలా దూరం జరిగిపోతాయి, మొదటి మూల ఒక అమరికలో, చివరి మూల మరో అమరికలో కొలిచినట్టవుతుంది. అందరికీ ఉమ్మడిగా ఉండవలసిన తప్పు ఉమ్మడిగా మిగలదు.

రోవర్_చీమకుర్తి
షెడ్డు మూల దోషమో, ఆకాశపు దోషమో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. జీపీఎస్ ఉపగ్రహాలు రోజూ దాదాపు 4 నిమిషాలు ముందుగా అదే చోటికి వస్తాయి. ఈరోజు మధ్యాహ్నం 12:40కి షెడ్డు మూలలో స్థానం ఒక పక్కకు ఈడ్చుకుపోతే, అది అమరిక వల్లనో రేకుల ప్రతిబింబం వల్లనో అయితే నాలుగు రోజుల తరువాత అదే తమాషా 12:24 ప్రాంతంలో కనిపించాలి. అయనోవరణం వల్ల అయితే గడియారం ప్రకారమే వస్తుంది, ఎందుకంటే అది సూర్యుడి వెంట నడుస్తుంది. గ్లోనాస్, గెలీలియోలు రోజూ ఇలా తిరిగి రావు, గ్లోనాస్ 8 రోజులకు, గెలీలియో 10 రోజులకు తిరిగి వస్తాయి. కనుక జీపీఎస్‌టెస్ట్ లాంటి యాప్‌లో జీపీఎస్ నంబర్లను మాత్రమే చూస్తూ ఉండండి.

మూలాపేట_కుర్రాడు
మన శ్రీహరికోట నుంచి ఎగిరిన, మన దేశపు సొంత స్థాన ఉపగ్రహ వ్యవస్థ నావిక్ గురించి ఎవరూ మాట్లాడలేదేమిటి?

కనిగిరి_డ్రోన్
శ్రీహరికోట 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లిపోయింది, ఇంకా మనది అనడం న్యాయమా?

మూలాపేట_కుర్రాడు
రాకెట్ లేచినప్పుడు మా మిద్దె మీద నుంచి కనిపిస్తుంది. మాకు అంత హక్కు చాలు.

పాత_ఫిజిక్స్_మాస్టారు
నావిక్ అమరిక తీరు వేరు. మొదటి ఉపగ్రహం 2013 జూలై 1న వెళ్లింది. వీటిలో కొన్ని భూస్థిర కక్ష్యలో, కొన్ని 29 డిగ్రీల వాలు కక్ష్యలో, అన్నీ దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి, మనకు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటాయి. సంఖ్య తక్కువ కనుక వాటి ఒక్కటితోనే స్థానం లెక్కిస్తే ఒక్క ఉపగ్రహం గడియారం చెడినా డీఓపీ మీద దెబ్బ గట్టిగా పడుతుంది. మొదటి ఉపగ్రహంలోని అణు గడియారాలు చెడిపోయిన సంగతి 2017లో బయటికి వచ్చింది, దాని స్థానంలోకి పంపినది ఉష్ణకవచం విడిపోక అదే ఏడాది ఆగస్టు 31న విఫలమైంది. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01లో మనవాళ్లు తయారుచేసిన రుబీడియం గడియారం ఉంది, ఫోన్లకు వీలైన ఎల్‌1 సిగ్నల్ కూడా ఉంది. జీపీఎస్‌తో కలిపి వాడితే మాత్రం అదనపు కోణాలుగా బాగా పనికివస్తాయి. భూస్థిర ఉపగ్రహంతో చిన్న చిక్కు ఏమిటంటే అది కదలదు కనుక షెడ్డు ప్రతిబింబం కూడా కదలదు, ఎంతసేపు నిలబడి సగటు తీసినా ఆ తప్పు అరిగిపోదు.

కనిగిరి_డ్రోన్
సాయంత్రం లెక్క 5.23 ఎందుకు వచ్చిందో మిగిలిపోయింది. నాకు చీకటి పడ్డాక 7:30 దాటితే ఫిక్స్ తెగిపోవడం, ముఖ్యంగా మార్చి, సెప్టెంబరు నెలల్లో, తరచుగా అనుభవమే.

పాత_ఫిజిక్స్_మాస్టారు
ఆసామి గారు వెలుగులోనే కొలిచి ఉంటే ఆ లెక్కకు ఇది వర్తించదు. అయినా మన ప్రాంతానికి ముఖ్యమైన సంగతే. మనం అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నాము. సూర్యాస్తమయం తరువాత ఇక్కడి అయనోవరణంలో విద్యుత్కణాలు పలచబడిన బుడగల వంటి ప్రాంతాలు పైకి లేస్తాయి, వాటి గుండా వచ్చిన సిగ్నల్ మినుకుమినుకుమంటుంది. తిరుపతి దగ్గర గాదంకిలో ఉన్న రాడార్‌తో ఇలాంటివాటిని చాలాకాలంగా పరిశీలిస్తున్నారు. రిసీవర్ ఆ ఉపగ్రహాలను పట్టుకోలేక వదిలేస్తుంది. అలా వదిలేసినవి ఒకే పక్కవైతే అమరిక కూడా చెడుతుంది. దూరపు తప్పుగా మొదలై కోణపు తప్పుగా ముగుస్తుందన్నమాట.

పగలు బాధ వేరు. మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో అయనోవరణం గరిష్ఠంగా దట్టపడి, సూర్యుడు చురుకుగా ఉన్న సంవత్సరాల్లో ఎల్‌1 దూరాన్ని పది మీటర్లు పైగా పెంచగలదు. ఉపగ్రహం పంపే సూత్రం అందులో సుమారు సగమే సరిచేస్తుంది. ఎల్‌1, ఎల్‌5 రెండూ ఉంటే ఆలస్యం పౌనఃపున్యపు వర్గానికి విలోమంగా మారుతుంది కనుక రెంటినీ పోల్చి దాదాపు మొత్తం తీసేయవచ్చు. కుర్రాడి ఫోన్ సలహాకు బలం ఇక్కడే ఉంది.

రోవర్_చీమకుర్తి
బేస్ స్టేషన్, అంటే తెలిసిన చోట కదలకుండా ఉంచే రెండో రిసీవర్ పెడితే ఈ ఉమ్మడి తప్పులన్నీ పోతాయి, అందుకే మాకు సెంటీమీటర్లు వస్తాయి. కానీ బేస్ అమరికను బాగుచేయదు, మీ మూలలోని రేకుల షెడ్డును బాగుచేయదు. గుణించే అంకె అలాగే ఉంటుంది, గుణించబడేది చిన్నదవుతుంది అంతే.

బేస్ మీద గుడ్డి నమ్మకం కూడా మంచిది కాదు. నా సొంత తప్పు చెబుతాను. ఒకసారి తెలిసిన రాయి మీద బేస్ పెట్టడానికి ఓపిక లేక, ఉన్నచోటే బేస్ పెట్టి అది స్వయంగా లెక్కించుకున్న స్థానాన్నే అసలు స్థానంగా ఇచ్చేశాను. రోజంతా రోవర్ ఒక సెంటీమీటరు అని చూపిస్తూనే ఉంది. సాయంత్రం పాత హద్దు రాళ్లతో పోల్చితే పొలాలన్నీ చక్కగా ఒకే ఆకారంలో ఉండి, అన్నీ కలిసి పడమటికి 2 మీటర్లు జరిగిపోయాయి. ఒంగోలు వారు చెప్పినట్టు విస్తీర్ణాలన్నీ సరిగ్గానే వచ్చాయి, హద్దులు మాత్రం పక్కవాడి పొలంలో పడ్డాయి. మళ్లీ మొత్తం చేశాను, ఆ రోజు డీజిలు ఖర్చు నా జేబు నుంచే పోయింది.

వచ్చే వారం నెల్లూరు వైపు పని ఉంది. విడవలూరు దూరం కాదు కనుక రోవర్ తెచ్చి చూస్తాను.

విడవలూరు_చెరువు
వారం తరువాత రాస్తున్నాను. ముందుగా పరీక్ష సంగతి. షెడ్డు మూలలో మొదటి రోజు 12:40కి జీపీఎస్ రెండు ఉపగ్రహాలు సరుగుడు కొనల వెనక్కి పోగానే యాప్‌లో నా చుక్క చెరువు లోపలికి జారిపోయింది. నేను గట్టు మీదే నిలబడి ఉన్నాను, చుక్క నీళ్లలో ఉంది. నాలుగు రోజుల తరువాత అదే ఉపగ్రహాలు 12:25 ప్రాంతంలో వెనక్కి పోయాయి, చుక్క మళ్లీ నీళ్లలోకి దిగింది. ఉత్తరపు మూలల్లో ఏ వేళలోనూ ఇలా జరగలేదు.

తరువాత చీమకుర్తి అన్న వచ్చి షెడ్డుకు దూరంగా తెలిసిన చోట బేస్ పెట్టి రోవర్‌తో కొలిచి, షెడ్డు మూలను మాత్రం గట్టు మీద బయలుగా ఉన్న రెండు చోట్ల నుంచి టేపుతో కొలిచి కలిపారు. నీటి అంచు వెంట విస్తీర్ణం 5 ఎకరాల 4 సెంట్లు తేలింది.

ఒంగోలు_లెక్కలు
మరి యజమాని గారి 5 ఎకరాల 30 సెంట్ల సంగతి ఏమైంది? ఆయన ఫోన్ మీ ఫోన్ కంటే అధ్వానమా?

విడవలూరు_చెరువు
అదే విచిత్రం, ఆయన ఫోన్ దాదాపు సరిగ్గానే కొలిచింది. ఆయన షెడ్డు నీడలోకి రాకుండా, అరగంటలో గట్టు బయటి అంచు వెంట చుట్టూ తిరిగారట. నేను లోపలి అంచున నిలబడి పాయింట్లు పెట్టాను.

ఒంగోలు_లెక్కలు
గట్టు వెడల్పు ఎంత?

విడవలూరు_చెరువు
రెండు మీటర్లు.

ఒంగోలు_లెక్కలు
చుట్టుకొలత 570 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు అంటే 1,140 చదరపు మీటర్లు, 28 సెంట్లు. మీ 5.04కు కలిపితే 5.32. ఆయన లెక్కకు రెండే సెంట్ల తేడా ఉంది.

జువ్వలదిన్నె_బోటు
అయితే ఇన్ని రోజులు ఉపగ్రహాలను తిట్టింది గట్టు కోసమా?

రోవర్_చీమకుర్తి
సగం గట్టు కోసం, సగం రేకుల షెడ్డు కోసం. నాలుగు మూలలా నీటి అంచున ఇనుప మేకులు కొట్టి ఎర్ర రంగు వేశాను. ఆగ్నేయపు మేకు షెడ్డు గోడకు 12 మీటర్ల దూరంలో ఉంది, దానికి అక్కడి నుంచి టేపు కొలత కాగితం మీద రాసి ఇద్దరికీ చెరొకటి ఇచ్చాను. వచ్చే ఏడాది కౌలు అప్పుడు మేకులు ఉన్నాయో లేదో ముందు చూసుకోండి, ఎవరైనా పీకితే నాకు ఫోన్ చేయండి.